పాత ట్రాక్టర్ లిఫ్ట్ సెట్టింగ్: కవర్ విప్పించే ముందు ఇవి చూసుకోండి

పాత ట్రాక్టర్ ఉన్నవాళ్ల నోట నేను ఎక్కువగా వినే మాట "లిఫ్ట్ పోయింది". లిఫ్ట్ అంటే ట్రాక్టర్ వెనక పనిముట్టును ఆయిల్ బలంతో ఎత్తి దించే ఏర్పాటు. కల్టివేటర్ ఒక పక్క లోతుగా, ఇంకో పక్క పైపైన గీసుకుంటూ పోయినా లిఫ్ట్ పోయిందంటారు. నాగలి నేలలోకి దిగకపోయినా, దిగింది పైకి రాకపోయినా, దున్నేటప్పుడు ఎగిరెగిరి పడుతున్నా అదే మాట. నేను చూసినంతలో ఇలాంటివాటిలో చాలావరకు లోపల ఏమీ పోయి ఉండదు. బయట ఉన్న లింకులు, గొలుసులు, పిన్నులు, లివర్లు సెట్టింగ్ తప్పి ఉంటాయి, అంతే.

ఇది నాకు డబ్బు పోగొట్టుకున్నాకే తెలిసింది. ఒక ఏడాది తొలకరి పడ్డాక దుక్కి మొదలుపెడితే మా కల్టివేటర్ ముందు పళ్లు గాల్లో, వెనక పళ్లు నేలలో అన్నట్టు పోయింది. ఊళ్లో నలుగురూ లిఫ్ట్ అన్నారు. టౌనుకి తీసుకెళ్తే అక్కడ లిఫ్ట్ కవర్ విప్పి, సీళ్లు, రింగులు మార్చి పంపించారు. పదును ఉన్న రెండు రోజులు అక్కడే పోయాయి. ఇంటికొచ్చి మళ్లీ చేలో దించితే ఏ తేడా లేదు. అప్పుడు మాకు పెదనాన్న వరసయ్యే ఒక పాత డ్రైవర్ గట్టు మీద నిలబడి చూసి, "ఒరే, ఆ టాప్ లింక్ తిప్పి ఎన్నాళ్లయిందిరా?" అన్నాడు. పనిముట్టును పైన మధ్యలో పట్టుకునే, తిప్పి పొడవు మార్చుకునే రాడ్డు అది. నిజానికి ట్రాక్టర్ మా ఇంటికొచ్చాక నేను ఒక్కసారి కూడా తిప్పలేదు. ఆయన దాన్ని నాలుగైదు చుట్లు పొట్టి చేశాడు, కుడి పక్క హ్యాండిల్ కొంచెం తిప్పాడు, తర్వాత సాలు సమంగా పడింది. ఆ రోజు నుంచి ఏ పనిముట్టు తగిలించినా ముందు ఇవి చూడకుండా చేలోకి వెళ్లడం లేదు. ఆ వరస మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

నేను మాట్లాడేది మాస్సీ ఫెర్గూసన్ 1035 లాంటి పాతకాలపు 35 హెచ్‌పీ బళ్ల గురించి. వేరే కంపెనీ బండి అయినా లింకుల సంగతి ఒకటే, లివర్లు, స్ప్రింగు ఉండే చోట మాత్రం తేడా ఉంటుంది.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది

ఇది అర్థమైతే మిగతాదంతా మీకే తోస్తుంది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. వెనక మూడు చోట్ల పనిముట్టు తగులుతుంది: కింద రెండు లింకులు, పైన మధ్యలో టాప్ లింక్. కింది లింకులు లాగుతాయి. టాప్ లింక్ లాగదు, దుక్కిలో అది ముందుకు తోస్తుంది. ఎందుకంటే నాగలి మొనకు నేల అడ్డుపడినప్పుడు నాగలి మొత్తం కింది పిన్నుల మీద ముందుకు తిరగబోతుంది, దాంతో పై భాగం ట్రాక్టర్ వైపుకి వాలుతుంది, ఆ తోపు టాప్ లింక్ గుండా సీటు వెనకున్న పెద్ద స్ప్రింగు మీద పడుతుంది. నేల ఎంత గట్టిగా ఉంటే స్ప్రింగు అంత నొక్కుకుపోతుంది. ఆ నొక్కుడును పట్టుకుని లోపలున్న వాల్వు పనిముట్టును కాస్త పైకి లేపుతుంది, నేల మెత్తబడగానే మళ్లీ దించుతుంది. దీన్నే డ్రాఫ్ట్ కంట్రోల్ అంటారు.

దీన్ని తయారుచేసింది ఐర్లండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్. ఆ రోజుల్లో నాగలిని ట్రాక్టర్‌కు బండిలాగా వెనక తగిలించి లాగేవాళ్లు. నాగలి ఏ రాయికో తగిలి ఆగిపోతే చక్రాలు మాత్రం తిరుగుతూ, ముందు భాగం లేచి, ట్రాక్టర్ వెనక్కి తిరగబడి డ్రైవర్ మీద పడేది. ఈ మూడు లింకుల పద్ధతిలో టాప్ లింక్ అలా లేవనివ్వకుండా ముందుకు తోస్తుంది, పైగా పనిముట్టు బరువును, నేల పట్టును వెనక చక్రాల మీదకు తెస్తుంది. అందుకే తేలికైన చిన్న ట్రాక్టర్ కూడా జారకుండా దున్నుతుంది. ఈ పద్ధతితో 1936లో ఫెర్గూసన్-బ్రౌన్, 1939లో ఫోర్డ్ 9ఎన్, 1946లో టీఈ20 ట్రాక్టర్లు వచ్చాయి. మన దగ్గర 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ నుంచి వచ్చిన మాస్సీలు ఆ వంశంలోవే. ఇంత తెలివైన ఏర్పాటు సీటు కింద ఉండగా మనం డ్రాఫ్ట్ లివర్ జోలికే పోకుండా, ఒకే లివర్‌ను రోజంతా పైకీ కిందకీ లాగుతూ దున్నుతున్నాం. నాకు బాధ కలిగించేది ఇదే.

ముందు చూసుకోవాల్సినవి

ట్రాక్టర్‌ను సమంగా ఉన్న చోట, సిమెంటు కళ్లం ఉంటే దాని మీద నిలపండి. వెనక రెండు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో గేజ్‌తో చూడండి, కంటితో కాదు. ఒక టైరులో గాలి తక్కువైతే ట్రాక్టరే ఒక పక్కకు వాలుతుంది, అప్పుడు మీరు లింకులు ఎంత సరిచేసినా అది తప్పు లెక్కే. ఒక టైరు కొత్తది, ఒకటి అరిగింది అయినా ఇదే ఇబ్బంది.

ఆయిల్ చూడండి. ఈ రకం బళ్లలో గేర్‌బాక్స్ ఆయిలూ హైడ్రాలిక్ ఆయిలూ ఒకటే, లిఫ్ట్ పంపు ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది. ఇంజిన్ ఆపి, లిఫ్ట్ కిందకు దించి, కాసేపు ఆగి డిప్ స్టిక్ తీసి చూడాలి. లిఫ్ట్ పైన ఉండగా చూస్తే కొంత ఆయిల్ సిలిండర్లో ఉండిపోయి తక్కువ చూపిస్తుంది. మట్టం ఒక్కటే కాదు, రంగు కూడా చూడండి. దమ్ముల్లో తిరిగిన ట్రాక్టర్లలో నీళ్లు చేరి ఆయిల్ పల్చటి మజ్జిగలా తెల్లగా మారుతుంది. అలా ఉంటే సెట్టింగ్ సంగతి తర్వాత, ముందు ఆయిల్ మొత్తం దించి, జల్లెడ కడిగించి కొత్తది పోయించండి. ఆ ఆయిల్‌తోనే నడిపితే పంపు, బేరింగులు రెండూ దెబ్బతింటాయి.

తర్వాత పిన్నులు, గుండ్లు. కింది లింకు చివర ఉండే గుండును చేత్తో పట్టుకుని ఊపండి. గిలకలా ఆడుతుంటే అది అరిగింది. మన దగ్గర పిన్ను పోతే చేతికి దొరికిన బోల్టు దూర్చేస్తాం. నేనూ దూర్చాను, తప్పే. చిన్న ట్రాక్టర్లకు వాడే మొదటి కేటగిరీలో కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, టాప్ లింక్ పిన్ను 19 మిల్లీమీటర్లు. పెద్ద వాటికి వాడే రెండో కేటగిరీలో కింద 28, పైన 25 మిల్లీమీటర్లు. పెద్ద రంధ్రంలో చిన్న పిన్ను పెడితే ఆ సందంతా దుక్కిలో కొట్టుకుంటుంది, రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోతుంది, స్ప్రింగుకు అందాల్సిన తోపు కూడా ఆలస్యంగా అందుతుంది. కేటగిరీ కలవకపోతే మధ్యలో వేసే బుష్షులు ట్రాక్టర్ సామాన్ల షాపుల్లో దొరుకుతాయి, కొని వేసుకోండి. పిన్నుకు లాక్ క్లిప్పు తప్పకుండా ఉండాలి, ఇనుప తీగ చుట్టి వదిలేయకండి.

తగిలించే వరస

ముందు ఎడమ లింకు, తర్వాత కుడి లింకు, చివర టాప్ లింక్. ఎందుకంటే ఎడమ పక్క లింకును పైకి మోసే రాడ్డు మామూలుగా ఒకే పొడవులో ఉంటుంది, కుడి పక్క రాడ్డుకు మాత్రం తిప్పే హ్యాండిల్ ఉంటుంది. ఎడమది ముందు తగిలించేస్తే, కుడిది ఎంత ఎత్తులో ఉన్నా హ్యాండిల్ తిప్పి పిన్ను దగ్గరకు తెచ్చుకోవచ్చు, గడ్డపారలతో ఎత్తే పని ఉండదు. విప్పేటప్పుడు దీనికి తిరగేసి: టాప్ లింక్, కుడి, ఎడమ. పనిముట్టు నేల మీద నిలకడగా కూర్చున్నాకే విప్పండి.

వెనక్కి తెచ్చేటప్పుడు ట్రాక్టర్‌కూ పనిముట్టుకూ మధ్య మనిషిని నిలబెట్టి "రా, రా" అనిపించకండి. క్లచ్ మీద కాలు జారడానికి ఒక్క క్షణం చాలు. మనిషి పక్కన నిలబడాలి, బండి ఆగి న్యూట్రల్‌కు వచ్చి బ్రేకు పడ్డాకే మధ్యలోకి రావాలి. ఎత్తిన పనిముట్టు కిందకు దూరి పళ్లు బిగించాల్సి వస్తే కింద గట్టి చెక్క దిమ్మె పెట్టండి, లిఫ్ట్‌ను నమ్మి తల దూర్చకండి. లివర్‌కు పిల్లవాడి చెయ్యి తగిలినా మొత్తం దిగిపోతుంది.

గొలుసులు

కింది లింకులకు పక్కల నుంచి ఉండే చెక్ చైన్లు పనిముట్టు అటూ ఇటూ ఊగకుండా ఆపుతాయి. దుక్కి పనిముట్లకు వీటిని బిర్రుగా బిగించకూడదు. కల్టివేటర్‌కైనా నాగలికైనా ఒక్కో వైపుకు రెండంగుళాల వరకు ఊగే సందు ఇవ్వండి. అప్పుడే మలుపుల్లో పనిముట్టు తనంతట తాను ట్రాక్టర్ వెనక సర్దుకుంటుంది, పిన్నుల మీద బరువు పడదు. రోటవేటర్ లాంటి వాటికి మాత్రం సందు బాగా తగ్గించాలి, ఎందుకంటే అది పక్కకు ఊగితే ఇంజిన్ బలాన్ని దానికి అందించే పీటీఓ షాఫ్ట్ కూడా ఊగుతుంది.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఒకటుంది. లిఫ్ట్ దించి గొలుసు సరిచేసి వదిలేస్తారు. గొలుసు కొక్కెం ఉన్న చోటూ లింకు తిరిగే చోటూ ఒకే గీతలో లేని బళ్లలో, లిఫ్ట్ పైకి లేస్తున్నకొద్దీ గొలుసు బిగుసుకుంటుంది. కింద వదులుగా ఉన్నది పైన వీణ తీగలా అవుతుంది, ఇంకా ఎత్తితే గొలుసు తెగుతుంది, లేదా పక్కనున్న బ్రాకెట్ వంగుతుంది. కాబట్టి దించి ఒకసారి, నెమ్మదిగా మొత్తం ఎత్తి ఒకసారి చూడండి. పైన ఉన్నప్పుడు చేత్తో పక్కకు తోసి, పనిముట్టు టైరుకు తగలడం లేదని కూడా చూసుకోండి. రెండు గొలుసుల్లో కడియాలు సమానంగా ఉండాలి. ఒక పక్క ఒక కడియం ఎక్కువైతే పనిముట్టు మధ్యలో ఉండక ఒక పక్కకు జరిగి, సాలుకూ సాలుకూ మధ్య దున్నని పట్టీ మిగులుతుంది.

పక్కల మట్టం

కల్టివేటర్ తగిలించి, పళ్లు నేలకు జానెడు ఎత్తున ఉండేలా ఎత్తి, వెనక నుంచి టేపుతో రెండు కింది గుండ్లకూ నేలకూ మధ్య ఎత్తు కొలవండి. రెండూ ఒకటే రావాలి. తేడా ఉంటే కుడి పక్క హ్యాండిల్ తిప్పి సమం చేయండి. హ్యాండిల్ పట్టేసి ఉంటే సుత్తితో కొట్టకండి, డీజిల్ పోసి రాత్రంతా వదిలేసి, తెల్లారి గ్రీజు కొట్టి తిప్పండి, వస్తుంది. మేస్త్రీల దగ్గర ఉండే రసమట్టం ఒకటి తెచ్చి ఫ్రేము మీద అడ్డంగా పెడితే ఇంకా తేలిక.

మట్టిని తిరగేసే రెక్క నాగలి సంగతి వేరు. దానితో దున్నేటప్పుడు కుడి చక్రాలు ముందు సాలులో దిగి నడుస్తాయి, ఎడమవి గట్టి నేల మీద ఉంటాయి, అంటే ట్రాక్టర్ కుడి వైపుకి వాలే ఉంటుంది. నాగలి మాత్రం నేలకు సమంగానే ఉండాలి. కాబట్టి కుడి రాడ్డును పొట్టి చేయాలి. ఎంత అన్నది చేలో తడుముకోకుండా కళ్లంలోనే తేల్చుకోవచ్చు: మీరు ఆరంగుళాల లోతు దున్నాలనుకుంటే, ఎడమ వైపు ముందు, వెనక చక్రాలను ఆరంగుళాల మందం చెక్కల మీదకు ఎక్కించి, నాగలిని నేల మీదకు దించి, ఫ్రేము అడ్డంగా మట్టంగా వచ్చేదాకా హ్యాండిల్ తిప్పండి. చేలో మొదటి సాలుకు మాత్రం రెండు పక్కల చక్రాలూ గట్టి నేల మీదే ఉంటాయి కాబట్టి అది కొంచెం తేడాగా వస్తుంది, దాన్ని చూసి కంగారుపడి మళ్లీ తిప్పేయకండి. రెండు మూడు సాళ్లు పోనిచ్చి చూడండి.

టాప్ లింక్: అసలు ఆట ఇక్కడే

టాప్ లింక్ మధ్య గొట్టానికి ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర ఉంటాయి. అందుకే గొట్టాన్ని తిప్పితే రెండు చివర్లూ ఒకేసారి లోపలికో బయటికో పోతాయి. తిప్పే ముందు లాక్ నట్టు వదులు చేయండి, అయ్యాక బిగించండి. లాక్ నట్టు లేకపోతే దుక్కి అదురుకు అదే తిరిగిపోతుంది, పొద్దున చేసిన సెట్టింగ్ మధ్యాహ్నానికి ఉండదు.

పొట్టి చేస్తే పనిముట్టు ముక్కు కిందకు వంగుతుంది, ముందు పళ్లు లోతుకు పోతాయి, వెనకవి తేలతాయి. పొడవు చేస్తే వెనక పళ్లు దిగబడి, ముందువి తేలతాయి. గుర్తుంచుకోవాల్సింది ఇంతే. కల్టివేటర్ ఫ్రేమును పక్క నుంచి చూసినప్పుడు, అది పని చేసే లోతులో ఉండగా, ముందూ వెనకా నేలకు సమానమైన ఎత్తులో ఉండాలి. గాల్లో ఎత్తినప్పుడు సమంగా కనిపించడం కాదు, ఎత్తినప్పుడు చాలావాటికి వాలు మారుతుంది. కాబట్టి చేలో పది అడుగులు దున్ని, పనిముట్టు నేలలో ఉండగానే ట్రాక్టర్ ఆపి, దిగి పక్కన గొంతుక్కూర్చుని చూడండి. వంగిన నడుముతో నిలబడి చూస్తే ఎప్పుడూ తప్పే కనిపిస్తుంది. ఒక అరచుట్టు తిప్పి మళ్లీ పది అడుగులు.

రెక్క నాగలికి గుర్తులు ఇంకా స్పష్టంగా ఉంటాయి. టాప్ లింక్ మరీ పొట్టిగా ఉంటే మొన గబుక్కున దిగబడుతుంది, ఇంజిన్ మూలుగుతుంది, సాలు అడుగున మడమ (నాగలి వెనక అడుగు భాగం) తాకిన గీత ఉండదు. మరీ పొడవుగా ఉంటే నాగలి మడమ మీద కూర్చుని ఈడ్చుకుంటూ పోతుంది, ఎంత దించినా లోపలికి దిగదు. అప్పుడే జనం ఫ్రేము మీద రాళ్లూ బస్తాలూ వేస్తారు, కొన్నిచోట్ల మనిషినే ఎక్కించి నిలబెడతారు. దయచేసి ఆ పని చేయకండి. జారితే పళ్ల కింద పడతాడు. రెండు చుట్లు పొట్టి చేస్తే అయిపోయే పని అది. బాగా సెట్ అయిన నాగలికి సాలు అడుగున మడమ సన్నగా, నున్నటి గీత పెడుతూ పోతుంది.

గొట్టాన్ని మరీ బయటికి తిప్పేయకండి. రెండు పక్కలా మర సమానంగా ఉండాలి, లోపల తగినంత పట్టు మిగలాలి. చివరి రెండు మూడు మరల మీద నిలబడ్డ టాప్ లింక్ ఒక రాయి తగిలితే ఊడిపోతుంది, అది ఊడితే పనిముట్టు అంతా తిరగబడుతుంది. అంత పొడవు కావాల్సి వస్తోందంటే మీ దగ్గరున్నది ఆ ట్రాక్టర్‌ది కాని పొట్టి లింకు. పొడవాటిది తెచ్చుకోండి.

టాప్ లింక్ పిన్ను దగ్గర గొలుసు కట్టి దేన్నీ లాగకండి. బురదలో దిగిన లారీ కావచ్చు, మొద్దు కావచ్చు, ట్రాలీ కావచ్చు. లాగే చోటు ఎప్పుడూ వెనక ఇరుసుకు కిందే ఉండాలి. అంత పైన కట్టి లాగితే ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ క్షణంలో వెనక్కి బోర్లా పడుతుంది, క్లచ్ తొక్కే టైం కూడా దొరకదు. ఫెర్గూసన్ దేన్ని ఆపడానికి ఇదంతా చేశాడో, సరిగ్గా దాన్నే మనం చేత్తో తెచ్చుకున్నట్టవుతుంది.

రెండు లివర్లు

సీటు పక్కన రెండు లివర్లు ఉంటాయి. ఏది పొజిషన్, ఏది డ్రాఫ్ట్ అన్నది బండికీ బండికీ మారుతుంది, పాత బళ్ల మీద రాతలు ఎప్పుడో చెరిగిపోయి ఉంటాయి. కనుక్కోవడం తేలికే. పనిముట్టు తగిలించి ఇంజిన్ నడుస్తుండగా ఒక లివర్‌ను కొంచెం కొంచెంగా జరపండి. లివర్ ఎంత జరిగితే పనిముట్టు అంతే లేచి, అక్కడే ఆగితే అది పొజిషన్. మధ్యలో ఎక్కడా ఆగకుండా పూర్తిగా పైకో పూర్తిగా కిందకో పోతే అది డ్రాఫ్ట్. నేల పట్టు లేనప్పుడు డ్రాఫ్ట్ లివర్‌కు మధ్య స్థానం తెలియదు, అది పాడైపోయినట్టు కాదు. ఈ ఒక్క అపోహతోనే చాలామంది డ్రాఫ్ట్ పనిచేయదని వదిలేశారు.

ఒక లివర్‌తో పనిచేస్తున్నప్పుడు రెండోది దానికి చెప్పిన చోటే ఉండాలి. లేకపోతే రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి, మీరు దించమంటే దిగదు, ఎత్తమంటే ఎత్తదు. ఆ చోటు ఎక్కడన్నది కంపెనీని బట్టి ఉంటుంది, బండి పుస్తకంలో గానీ లివర్ల పక్క రేకు మీద గానీ ఉంటుంది, చూసి అక్కడ పెయింట్‌తో చుక్క పెట్టుకోండి.

పొజిషన్ ఎప్పుడు వాడాలి? పనిముట్టు ఒకే ఎత్తులో నిలవాల్సిన పనులకు: రోటవేటర్, మందు కొట్టే యంత్రం, దమ్ము, రోడ్డు మీద ప్రయాణం. దమ్ములో డ్రాఫ్ట్ పనికిరాదు. బురద పట్టు తక్కువ కాబట్టి స్ప్రింగు నొక్కుకోదు, పనిముట్టు గట్టి అడుగు తగిలేదాకా దిగిపోతుంది.

పొడి దుక్కికి, అందులోనూ ఒకే చేలో ఒక చోట ఎర్ర చెలక, ఒక చోట నల్లరేగడి తగిలే నేలలకు డ్రాఫ్ట్ వాడండి. చేలో దిగి, రెండో గేరులో కదులుతూ డ్రాఫ్ట్ లివర్‌ను నెమ్మదిగా దించుతూ పోండి. కావాల్సిన లోతు వచ్చిన చోట ఆపి, లివర్ దగ్గరున్న అడ్డు బిళ్లను అక్కడికి జరిపి బిగించండి. ఇక గట్టు దగ్గర ఎత్తడం, తిరిగాక లివర్‌ను ఆ బిళ్ల దాకా దించడం, అంతే. మధ్యలో చెయ్యి పెట్టకండి. మొదటి రోజు చెయ్యి ఊరుకోదు, నాకూ ఊరుకోలేదు. గట్టి చోటు రాగానే ఇంజిన్ శబ్దం మారుతుంది, లింకులు ఒక అంగుళం లేస్తాయి, శబ్దం మళ్లీ మామూలవుతుంది, లింకులు దిగుతాయి. వెనక్కి తిరిగి ఆ చిన్న కదలిక చూస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో. చక్రాలు జారడం తగ్గుతుంది, డీజిల్‌లో కూడా తేడా మీకే కనిపిస్తుంది. పనిముట్టు లోతు మరీ ఎక్కువగా మారుతూ ఉంటే లివర్ కొంచెం సరిచూడండి, అయినా తగ్గకపోతే స్ప్రింగు చూడాలి.

ఇంకో సంగతి. ఈ రకం బళ్లలో క్లచ్ పూర్తిగా తొక్కితే పంపు కూడా ఆగిపోతుంది. గట్టు దగ్గరకొచ్చి క్లచ్ అదిమి పట్టుకుని లిఫ్ట్ లేవడం లేదని తిట్టుకునే కొత్త డ్రైవర్లను చాలామందిని చూశాను. కదులుతుండగానే ఎత్తండి. డబుల్ క్లచ్ (సగం తొక్కితే బండి మాత్రమే ఆగి, పంపు తిరుగుతూనే ఉండేది) ఉంటే సగమే తొక్కండి. మరీ పాత వాటిలో పీటీఓ లివర్ వేస్తేనే పంపు తిరుగుతుంది, అదీ గుర్తుంచుకోండి.

సీటు వెనక స్ప్రింగు

ఇది మాస్సీ తరహా బళ్లకే. ఇది సొంతంగా చేసుకోవచ్చు, కానీ తొందరపడకూడదు. పనిముట్టు విప్పి, ఇంజిన్ ఆపి, టాప్ లింక్ తీసేయండి. టాప్ లింక్ తగిలించే దిమ్మెను చేత్తో గట్టిగా ముందుకూ వెనక్కూ కదపండి. టక్ టక్ అని ఆడితే సందు ఉన్నట్టే. ఆ సందు ఉన్నంతవరకు నేల తోపు వాల్వుకు ఆలస్యంగా చేరుతుంది, పనిముట్టు గుర్రంలా ఎగురుతూ పోతుంది.

సందు రెండు చోట్ల రావచ్చు. ఒకటి స్ప్రింగుకూ దాన్ని పట్టుకున్న యోక్‌కూ (మర ఉన్న కొక్కెం లాంటి ముక్క) మధ్య, రెండోది స్ప్రింగును కవర్‌లో బిగించే పెద్ద నట్టు దగ్గర. దిమ్మె పిన్ను తీసి పక్కన పెట్టి, నట్టును పట్టుకున్న చిన్న స్క్రూ వదులు చేసి, నట్టు తిప్పి స్ప్రింగును బయటికి తీయండి. ముందు యోక్‌ను మర మీద తిప్పుతూ స్ప్రింగులో వదులు పోయేదాకా బిగించండి. స్ప్రింగు నొక్కుకోకూడదు, రెండు వేళ్లతో పట్టి తిప్పితే కొంచెం బిగువుగా తిరగాలి, అదే గుర్తు. యోక్ లాక్ వేసి, స్ప్రింగును లోపల పెట్టి, ఇప్పుడు పెద్ద నట్టును లోపలికి తిప్పుతూ ముందు వెనకల ఆట పోగానే ఆపండి. చిన్న స్క్రూ బిగించండి. ఈ వరస తారుమారు చేస్తే ఒక సందు పోయినట్టే పోయి ఇంకోటి మిగులుతుంది. ఎక్కువ బిగిస్తే డ్రాఫ్ట్ మొద్దుబారుతుంది. దిమ్మె పిన్ను, రంధ్రం అరిగి ఉంటే అవి కూడా అప్పుడే మార్చండి, లేకపోతే ఈ శ్రమంతా వృథా.

ఎప్పుడు మెకానిక్ దగ్గరకు పోవాలి

బయటివన్నీ సరిగా ఉండి, ఆయిల్ మంచిగా ఉండి, ఎత్తి ఉంచిన పనిముట్టు ఇంజిన్ నడుస్తుండగా కొన్ని క్షణాలకొకసారి కిందకు జారి మళ్లీ ఎక్కిళ్లు పెట్టినట్టు లేస్తుంటే, లోపల ఎక్కడో ఆయిల్ కారుతోంది. ఇంజిన్ ఆపిన వెంటనే ధబీమని దిగిపోయినా అంతే. పొద్దున బాగా ఎత్తి, ఆయిల్ వేడెక్కాక మధ్యాహ్నం ఎత్తలేకపోతే పంపు గానీ సీళ్లు గానీ అరిగినట్టు. వీటికి కవర్ విప్పాల్సిందే. రిలీఫ్ వాల్వు బిగించి బలం పెంచుతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ వాల్వు ఉన్నది ఎక్కువ బరువుకు పంపు, కవర్ పగలకుండా కాపాడటానికి.

మెకానిక్ దగ్గరకు వెళ్లేటప్పుడు "లిఫ్ట్ పోయింది" అని మాత్రమే చెప్పకండి. చల్లగా ఉన్నప్పుడు ఎలా ఉంది, వేడెక్కాక ఎలా ఉంది, ఏ లివర్‌తో ఏం చేస్తోంది, ఇంజిన్ ఆపితే ఎంతసేపట్లో దిగుతోంది, ఇవి చెప్పండి. విప్పాల్సింది ఏదో ఆయనకు ముందే తెలుస్తుంది, మీకు రోజు మిగులుతుంది.

అన్నీ సరిపోయాక మీరు వాడే ఒక్కో పనిముట్టుకు ఒక్కో గుర్తు పెట్టుకోండి. నేను టాప్ లింక్ బయటికి కనిపించే మర పొడవును టేపుతో కొలిచి, కుడి హ్యాండిల్ ఎన్ని చుట్లో లెక్కపెట్టి, ఆ రెండు అంకెలనూ ఆ పనిముట్టు ఫ్రేము మీదే తెల్ల పెయింట్‌తో రాశాను. కల్టివేటర్ మీద ఒకటి, నాగలి మీద ఒకటి, రోటవేటర్ మీద ఒకటి. ఇప్పుడు మా తమ్ముడు ఎక్కినా, కూలీ డ్రైవర్ ఎక్కినా ఆ అంకెలు చూసి పది నిమిషాల్లో సెట్ చేసుకుని చేలోకి పోతున్నారు. వానాకాలం అయ్యాక పెయింట్ చెరిగితే మళ్లీ రాసుకోండి, అప్పుడే టాప్ లింక్ మరలకు, కుడి హ్యాండిల్‌కు గ్రీజు కూడా పెట్టండి.